పాత పేటలో అద్దెకున్నవాళ్ళే ఇళ్ళు కొనుక్కోవాలంటే ఏది ముందు, ఏది తర్వాత?

నీలిగడప
అమెరికాలో ఓ పాత మిల్లు ఊరు. 1900–1915 మధ్య కట్టిన ఇటుక ఇళ్ళు, గోడకు గోడ ఆనించి వరసలుగా ఉంటాయి. ఈమధ్యే సిటీ దీన్ని హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌గా (పాత రూపం కాపాడాల్సిన పేటగా) ప్రకటించింది. బోర్డు పాతారో లేదో, కంపెనీల పేర్లతో ఇళ్ళు కొనేవాళ్ళు దిగిపోయారు. సగం పైగా అద్దె ఇళ్ళే. ఉన్నవాళ్ళలో చాలామంది రెండు తరాలుగా అక్కడే ఉంటున్నారు. ముందు గ్రాంటు డబ్బుతో వరండాలు, ముఖభాగాలు బాగుచేయించి, పేటకు కళ వచ్చాక అద్దెకున్నవాళ్ళచేత కొనిపిద్దామని పేట సంఘం అంటోంది. నాకిది వెనకా ముందూ అయినట్టు తోస్తోంది. ఈ పని దగ్గరగా తెలిసినవాళ్ళు చెప్పండి. వరస ఏమిటి, ఎక్కడ దెబ్బ తింటారు?

లెక్కలరాయుడు
మీకు తోచిందే నిజం. పది ఇళ్ళ ముందుభాగాలు మెరిస్తే అప్రైజర్ (బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టేవాడు) పదకొండో ఇంటికి వాటిని చూసే విలువ కడతాడు. కుటుంబానికి ఇవ్వబోయే డౌన్‌పేమెంట్ సాయం ఆ పెరిగిన ధరలోనే కరిగిపోతుంది. గ్రాంటు అద్దెకున్నవాళ్ళ పేరున వస్తుంది, లాభం ఇవాళ్టి ఇంటి ఓనరుకి పోతుంది.

ముందు ధర ఖాయం చేసుకోవాలి. దానికి ఆప్షన్ అగ్రిమెంటు పనికొస్తుంది. ఓనరుకి చిన్న మొత్తం ఇచ్చి, ఫలానా ధరకి ఫలానా తేదీలోపు కొనే హక్కు రాయించుకోవాలి. నోటరీ చేయించి, దాని మెమొరాండం (సారాంశం) కౌంటీ రికార్డుల్లో ఎక్కించాలి. ఎక్కించకపోతే, సంగతి తెలియకుండా కొన్న మూడో మనిషి మీద ఆ కాగితం పనిచేయదు.

వరండా
రైట్ ఆఫ్ ఫస్ట్ రెఫ్యూజల్ (అమ్మేటప్పుడు మొదటి అవకాశం మనకే ఇచ్చే హక్కు) రాయించుకుంటే సరిపోదా? ఓనర్లు దానికైతే తేలిగ్గా ఒప్పుకుంటారు.

లెక్కలరాయుడు
తేలిగ్గా ఒప్పుకోవడానికి కారణం ఉంది. అందులో ధర ఉండదు. బయటివాడు ఎంత అంటే అంతకి మీరు కొనాలి, అదీ ఇచ్చిన కొద్ది రోజుల్లో. ఇన్వెస్టర్ నగదు తెచ్చినప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ లోను (ఫెడరల్ ప్రభుత్వ పూచీ ఉన్న ఇంటి లోను) మీద ఆధారపడ్డ కుటుంబం ఆ గడువు అందుకోలేదు. హక్కు కాగితం మీద ఉంటుంది, ఇల్లు పోతుంది.

పాతదస్తావేజు
వాషింగ్టన్ డీసీలో 1980 నుంచి చట్టమే ఉంది, ఓనరు అమ్మే ముందు అద్దెకున్నవాళ్ళకి అవకాశం ఇవ్వాలని. ఐదు యూనిట్లు, అంతకు పైన ఉన్న బిల్డింగులో అద్దెకున్నవాళ్ళు సంఘంగా ఏర్పడి రిజిస్టర్ అయితేనే ఆ హక్కు వాడుకోగలరు. విడి ఇళ్ళకు చాలావరకు 2018లో ఎత్తేశారు. మీ ఊళ్ళో అలాంటి చట్టం లేకపోతే రాయుడు గారు చెప్పిన ఆప్షనే దారి.

కానీ ధరకన్నా ముందు టైటిల్ (ఇల్లు చట్టప్రకారం ఎవరి పేరున ఉందన్నది) చూడండి. పాత పేటల్లో అసలు చిక్కంతా అక్కడే. తాత పోయి ఇరవై ఏళ్ళయినా ఇల్లు ఆయన పేరునే ఉంటుంది. ఉన్నవాళ్ళు తమదే అనుకుంటారు, పన్ను కూడా కడుతుంటారు. లోనుకి వెళ్తే బ్యాంకు ఇవ్వదు. రిపేరు గ్రాంటుకి వెళ్తే పేరు కలవదు. సొంతింట్లో ఉండేవాళ్ళకిచ్చే పన్ను తగ్గింపు, అంటే హోమ్‌స్టెడ్ మినహాయింపూ రాదు. ఇలాంటి ఇళ్ళని ఫిలడెల్ఫియాలో టాంగిల్డ్ టైటిల్ అంటారు, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఎయిర్స్ ప్రాపర్టీ అంటారు.

ఇంకో ప్రమాదం. పది మంది వారసుల్లో దూరాన ఉన్న ఒకరి వాటా ఇన్వెస్టర్ చవగ్గా కొని, భాగపంపకం కోసం కోర్టుకెక్కి, ఇల్లు మొత్తం వేలం వేయిస్తాడు. దీన్ని ఆపడానికి 2010లో ఒక నమూనా చట్టం తయారైంది. చాలా రాష్ట్రాలు ఆమోదించాయి. దాని ప్రకారం వేలానికి ముందు మిగతా వారసులకి, కోర్టు కట్టించిన విలువకి ఆ వాటా కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. మీ రాష్ట్రంలో ఉందో లేదో లీగల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. పేటలో ఇలాంటి ఇళ్ళు ఎన్నున్నాయో జాబితా రాసి ప్రొబేట్ పని (పోయినవాళ్ళ ఆస్తిని కోర్టు ద్వారా వారసుల పేరు మార్చడం) మొదలుపెట్టిస్తే, కొత్తగా ఒక్క ఇల్లూ కొనకుండానే కొంతమంది ఓనర్లు అవుతారు.

ఇటుకబట్టీ
పైన చెప్పింది బంగారం. దీనికి ఖర్చూ తక్కువే. సంఘాలకి దీని మీద ఆసక్తి తక్కువ, ఎందుకంటే ఫొటోలో కనిపించదు.

కొత్తకాపురం
బాల్టిమోర్‌లో డాలరుకి ఇల్లు ఇచ్చారు కదా, సిటీ చేతిలో ఖాళీ ఇళ్ళుంటే అలా ఇవ్వమని అడగొచ్చుగా?

లెక్కలరాయుడు
1970ల్లో విల్మింగ్టన్, బాల్టిమోర్ అలా ఇచ్చాయి. ఆటర్‌బైన్ పేట అలా నిలబడిందే. కానీ డాలరు ఇంటికి మాత్రమే. నిర్ణీత గడువులో భవన నిబంధనలకి తగ్గట్టు బాగుచేసి అందులో కాపురం ఉండాలి. రిపేరుకి పదుల వేల డాలర్లు పట్టేది. సిటీ తక్కువ వడ్డీకి లోన్లు ఇచ్చింది, కానీ అంత అప్పు మోయగల జీతం ఉండాలి. అందుకే ఎక్కువగా బయటి నుంచి వచ్చిన మధ్యతరగతికే పనికొచ్చింది. ఇల్లు చౌకగా ఇవ్వడం సులువైన సగం. రిపేరు డబ్బు ఎవరు పెడతారన్నదే అసలు ప్రశ్న.

పోచంపల్లి
నేలని విడదీయడం గురించి ఎవరూ ఎత్తలేదేంటి? కమ్యూనిటీ లాండ్ ట్రస్టులో నేల ట్రస్టు పేర, ఇల్లు కుటుంబం పేర ఉంటాయి. మధ్యలో 99 ఏళ్ళ లీజు. మొట్టమొదటి ట్రస్టుగా చెప్పే న్యూ కమ్యూనిటీస్‌ని 1969లో జార్జియా లీ కౌంటీలో నల్లజాతి పౌరహక్కుల కార్యకర్తలు పెట్టారు, సుమారు 5,700 ఎకరాలు. వాళ్ళకి ఊపిరిచ్చిన ఆలోచనల్లో వినోబా గ్రామదానం ఒకటి. గ్రామదానం భూదానంలోంచి వచ్చింది. భూదానం మొదలైంది 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చినప్పుడు. అమెరికా పాత పేటల్లో వాడుతున్న పద్ధతి మూలాల్లో ఒకటి తెలంగాణలో ఉందంటే ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే ఆ ట్రస్టు నుంచి జాగ్రత్త కూడా నేర్చుకోవాలి. కరవు వచ్చింది, ప్రభుత్వ వ్యవసాయ లోను వివక్ష వల్ల వేళకి అందలేదు, 1985లో భూమి అప్పుకింద పోయింది. నేల మీద ట్రస్టు అప్పు తెస్తే పైనున్న ఇళ్ళన్నీ ప్రమాదంలో పడతాయి. ట్రస్టు నేలని గ్రాంటుతోనో దానంగానో తీసుకోవాలి, తాకట్టు పెట్టకూడదు.

కొత్తకాపురం
నేల నాది కాకపోతే అది సొంతిల్లు ఎలా అవుతుంది అన్నా? పేరు మార్చిన అద్దె కాదా?

పోచంపల్లి
లెక్క వేసి చూడు తమ్ముడూ. ఇల్లు, నేల కలిపి అప్రైజల్ 2,00,000 డాలర్లు అనుకో. ట్రస్టు 60,000 పెడుతుంది. కుటుంబం 1,40,000కే కొంటుంది. వాయిదా దాని మీదే. ఇల్లు పిల్లలకి రాయొచ్చు, వాయిదా, లీజు షరతులు తప్పనంతకాలం ఎవరూ ఖాళీ చేయించలేరు, కట్టిన అసలంతా వాళ్ళదే. ఎనిమిదేళ్ళకి అమ్మితే, అప్పటి అప్రైజల్ 2,60,000 అయితే, పెరిగింది 60,000. 1984లో మొదలైన బర్లింగ్టన్ ట్రస్టు పద్ధతిలో అందులో 25 శాతం, అంటే 15,000 వాళ్ళకి. తర్వాతి కుటుంబం 1,55,000కి కొంటుంది. మొదట పెట్టిన 60,000 సాయం ఇప్పుడు 1,05,000 తేడాగా నిలబడి ఉంది. కొత్తగా ఒక్క డాలరూ పెట్టక్కర్లేదు.

ఇటుకబట్టీ
లెక్క సరే, దీంతో నేను పూర్తిగా ఒప్పుకోను. 1930ల్లో ఫెడరల్ మ్యాపుల మీద, అప్పివ్వడం ప్రమాదమంటూ ఇలాంటి పేటలకే ఎర్ర రంగు వేశారు. దశాబ్దాలపాటు బ్యాంకులు ముఖం చాటేశాయి. ఇప్పుడు అదే కుటుంబాలకి "మీకు నాలుగో వంతే" అంటే ఎలా? పక్క వీధిలో మామూలుగా కొన్నవాడికి మొత్తం 60,000 వస్తుంది. 15,000తో బయటికెళ్ళి ఇంకో ఇల్లు కొనలేరు.

ఇంకో మార్గం సాఫ్ట్ సెకండ్. మొదటి లోను బ్యాంకుది, రెండోది సిటీ ఇచ్చే వడ్డీలేని లోను. నెల వాయిదా ఉండదు. అందులో కాపురం ఉన్నకొద్దీ ఏటా కొంత మాఫీ అవుతుంది. గడువు ముందే అమ్మితే మిగిలింది తిరిగి కట్టాలి. పెరిగిన విలువ కుటుంబానిది.

పోచంపల్లి
నిజమే, కానీ గడువు తీరిన మర్నాడు ఆ ఇల్లు ఇన్వెస్టర్‌కి అమ్మితే ఆపేదెవరు? సాయం ఒక్క కుటుంబంతో ఆగిపోయింది. బోస్టన్‌లో డడ్లీ స్ట్రీట్ వాళ్ళు 1988లో ఖాళీ స్థలాలు స్వాధీనం చేసుకునే అధికారం తెచ్చుకుని, నేలంతా ట్రస్టులో పెట్టింది అందుకే.

వరండా
రెండూ పెట్టొచ్చు. ధర వేగంగా పెరిగే వీధుల్లో ట్రస్టు, నెమ్మదిగా ఉన్నచోట సాఫ్ట్ సెకండ్. ఏది ఎంచుకోవాలో కుటుంబమే నిర్ణయించుకునేలా రెండు లెక్కలూ కాగితం మీద పక్కపక్కన పెట్టండి.

నీలిగడప
మా దగ్గర కొందరు ఓనర్లు "రెంట్ టు ఓన్" ఇస్తామంటున్నారు. బ్యాంకు అక్కర్లేదు, నెలనెలా కట్టుకుంటూ పోతే ఇల్లు మీదే అంటున్నారు.

పాతదస్తావేజు
కాంట్రాక్ట్ ఫర్ డీడ్ అయితే దూరంగా ఉండండి. ఆఖరి వాయిదా దాకా టైటిల్ అమ్మేవాడి దగ్గరే ఉంటుంది. చాలాచోట్ల ఒక్క నెల తప్పితే కట్టిందంతా పోతుంది. రిపేర్లు, పన్నులు మాత్రం కొనేవాడివే. షికాగో లాన్‌డేల్‌లో నల్లజాతి కుటుంబాలు 1968లో సంఘం పెట్టుకుని పోరాడింది ఈ కాగితాల మీదే. తప్పనిసరై సంతకం పెడితే రికార్డు చేయించండి, టైటిల్ సెర్చ్ చేయించండి, అమ్మేవాడికి ఆ ఇంటి మీద లోను ఉందేమో చూడండి. అతను కట్టకపోతే పోయేది మీ ఇల్లే.

లెక్కలరాయుడు
సరైన లోన్ల గురించి. ఎఫ్‌హెచ్‌ఏ 203కె లోనులో కొనడం, బాగుచేయడం ఒకే వాయిదాలో వస్తాయి. క్రెడిట్ స్కోరు 580 గానీ అంతకు పైన గానీ ఉంటే డౌన్‌పేమెంట్ 3.5 శాతం. లిమిటెడ్ రకంలో రిపేరుకి 75,000 డాలర్ల దాకా, నిర్మాణపరమైన పెద్ద పనులు కుదరవు. స్టాండర్డ్ రకంలో కుదురుతాయి, కానీ 203కె కన్సల్టెంట్ పని జాబితా రాయాలి. డబ్బు విడతలుగా వస్తుంది, ప్రతి విడతలో 10 శాతం పట్టి ఉంచుతారు. 30 ఏళ్ళు దాటిన ఇంటికి కనీసం 10 శాతం అదనపు నిధి పెట్టాలి, కరెంటు నీళ్ళు ఆడకపోతే 15 శాతం. వందేళ్ళ ఇంటికి 20 పెట్టండి. గోడ విప్పితే గానీ లోపల ఏముందో తెలియదు.

తరచుగా దెబ్బ తినేది కాంట్రాక్టర్ దగ్గర. విడతలు ఆలస్యంగా వస్తాయి కనుక చిన్న కాంట్రాక్టర్ సొంత డబ్బుతో నెట్టుకురాలేక మధ్యలో వదిలేస్తాడు. ఇదివరకు 203కె పని పూర్తిచేసిన మనిషినే పెట్టుకోండి.

హౌసింగ్ వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) మీద ఉన్నవాళ్ళని మర్చిపోకండి. హౌసింగ్ అథారిటీ ఒప్పుకుంటే ఆ వోచర్‌ని అద్దెకి బదులు ఇంటి వాయిదాకి వాడొచ్చు. ఏడాదిపాటు వారానికి సగటున 30 గంటల పని ఉండాలి. 20 ఏళ్ళు, ఆపైన లోనుకైతే 15 ఏళ్ళ దాకా ఇస్తారు. వృద్ధులకి, వికలాంగులకి ఆ పనిగంటల షరతు, ఏళ్ళ పరిమితి వర్తించవు.

ఉలిసుత్తి
ఇక ఇంటి దగ్గరికి వద్దాం. మామూలు ఇన్‌స్పెక్షన్ చాలదు. విడిగా చూపించాల్సినవి: వీధి దాకా మురుగు పైపులో కెమెరా (మట్టి పైపుల్లో చెట్ల వేళ్ళు దూరతాయి), నీళ్ళ మీటరు నుంచి వచ్చే పైపు సీసమా అన్నది, కరెంటు తీగలు. పింగాణీ గుండీల మీద రెండు తీగలు విడివిడిగా పోతుంటే అది నాబ్ అండ్ ట్యూబ్, ఎర్త్ ఉండదు. ఆ తీగలో పుట్టే వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. దాని మీద ఇన్సులేషన్ పరిస్తే నిప్పంటుకునే ప్రమాదం. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు అలాంటి ఇంటికి పాలసీ ఇవ్వవు, పాలసీ లేకపోతే లోను రాదు. కాబట్టి ఇన్సూరెన్స్ కొటేషన్ క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే రోజు) వారంలో కాక, ఆఫర్ ఇచ్చిన వారంలోనే తీసుకోండి.

1978కి ముందు ఇల్లు అంటే సీసం రంగు ఉందనే అనుకోవాలి. కొనేవాళ్ళకి పరీక్షకి 10 రోజులు చట్టమే ఇస్తుంది, వదులుకోకండి. డబ్బు తీసుకుని పనిచేసే కాంట్రాక్టర్ గదిలో 6 చదరపు అడుగులు, బయట 20 చదరపు అడుగులు దాటి ఆ రంగుని కదిలిస్తే అతనికి సర్టిఫికెట్ ఉండాలి. కిటికీ మారిస్తే విస్తీర్ణంతో పనిలేదు, ఉండాల్సిందే. సొంతంగా చేసుకునేవాళ్ళకి ఈ నియమం లేదు గానీ దుమ్ము వాళ్ళ పిల్లల నోట్లోకే పోతుంది. పొడిగా గీకొద్దు, మంట పెట్టొద్దు. తడిపి గీకండి.

గోడలమేస్త్రీ
ఇటుక గోడ గురించి గట్టిగా చెప్పాలి. ఈ పేటల్లో ఎక్కువ పాడుచేసేది మంచి మనసుతో చేసే సిమెంటు పాయింటింగే.

ఆ కాలం ఇటుక మెత్తన. మధ్యలో ఉన్నది సున్నం గచ్చు. గోడలో చెమ్మ ఆ దర్జుల్లోంచే (ఇటుకల మధ్య సందుల్లోంచే) ఆరుతుంది. పైన గట్టి సిమెంటు దట్టిస్తే చెమ్మకి దారి మూసుకుపోయి ఇటుకలోంచి బయటికి వస్తుంది. ఉప్పు పేరుకుంటుంది, చలికి నీరు గడ్డకడుతుంది, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. దర్జు పాడైతే మళ్ళీ పూయొచ్చు. ఇటుక పాడైతే ఆ ఇటుక మళ్ళీ రాదు.

పద్ధతి: దర్జు వెడల్పుకి రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు దాకా పాతది ఉలితో తీయాలి. నిలువు దర్జుల్లో గ్రైండర్ పెట్టొద్దు, ఇటుక అంచులు కోసేస్తుంది. దుమ్ము కడిగి తడి ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు పూయాలి. మెత్తటి ఇటుకకి సున్నం ముద్ద 1, ఇసుక 3. ఎండావానా బాగా తగిలే చోట కొంచెం బలం కావాలంటే టైప్ ఓ అనే గచ్చు: సిమెంటు 1, సున్నం 2, ఇసుక 9. పావు అంగుళం పొరలుగా నింపాలి, ఒక్కసారి కుక్కితే కుంచించుకుని పగులుతుంది. వేడి 40 నుంచి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యే చేయాలి. తర్వాత కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి.

వీటన్నిటికన్నా ముందు కప్పు, గట్టర్లు, ఫ్లాషింగ్ (కప్పు, గోడ కలిసేచోట నీరు దిగకుండా పెట్టే రేకు). పైనుంచి నీళ్ళు కారుతుండగా గోడ పూయడం డబ్బు పారేసుకోవడమే. సాండ్‌బ్లాస్టింగ్ అసలు వద్దు, ఇటుక మీద కాలిన పై పొరని తీసేస్తుంది.

వరండా
ఈ పోస్టు అచ్చేసి కాంట్రాక్టర్లందరి చేతిలో పెట్టాలి.

కొత్తకాపురం
కిటికీలు మాత్రం వినైల్ (ప్లాస్టిక్) పెట్టుకోనివ్వచ్చుగా. పాత చెక్క కిటికీలతో చలికాలం బిల్లు ఎవరు కడతారు?

ఉలిసుత్తి
గాలి దూరేది చెక్కలోంచి కాదు, సందుల్లోంచి. అవిసె నూనె పుట్టీ కొత్తగా పెట్టి, కిటికీ రెక్కని పైకీ కిందికీ నడిపే తాడు మార్చి, అంచులకి వెదర్‌స్ట్రిప్ వేసి, బయట స్టార్మ్ విండో (అదనపు అద్దం చట్రం) బిగిస్తే కొత్త రెండద్దాల కిటికీకి దగ్గరగా వస్తుంది. ఆ చెక్క పాత అడవుల దట్టమైన కలప, మరమ్మతుకి లొంగుతుంది. వినైల్‌లో సీలు పోతే చాలాసార్లు మొత్తం పీకి పారేయాల్సి వస్తుంది. పైగా వీధివైపు వినైల్‌కి చాలాచోట్ల హిస్టారిక్ డిస్ట్రిక్ట్ బోర్డు ఒప్పుకోదు.

పాతదస్తావేజు
బోర్డు మాట వచ్చింది కనుక: నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో) పేరు ఉన్నంత మాత్రాన, సొంత డబ్బుతో చేసుకునే పనికి ఏ అడ్డూ లేదు. అడ్డు చెప్పేది స్థానిక డిస్ట్రిక్ట్ చట్టం. దాని కింద బయట మార్పుకి ముందే సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్ (ఆ మార్పుకి ఆమోద పత్రం) తీసుకోవాలి. లోపలి పనిని సాధారణంగా పట్టించుకోరు. సంఘం చేయగలిగిన మంచి పని ఒకటుంది. వరండా రెయిలింగు, కిటికీ, తలుపు, కప్పు అంచు, వీటికి ముందే ఆమోదించిన నమూనా డ్రాయింగులు బోర్డుతో ఒప్పించి పెట్టుకుంటే ఒక్కో కుటుంబం నెలల తరబడి మీటింగుల చుట్టూ తిరగక్కర్లేదు.

లెక్కలరాయుడు
టాక్స్ క్రెడిట్ మీద అపోహ: ఫెడరల్ 20 శాతం క్రెడిట్ ఆదాయం వచ్చే కట్టడాలకే, సొంతంగా ఉండే ఇంటికి రాదు. రెండు వాటాల ఇంట్లో ఒకటి అద్దెకిస్తే ఆ వాటా ఖర్చు మీద ప్రయత్నించొచ్చు. కొన్ని రాష్ట్రాలు సొంతింటికీ ఇస్తాయి. మేరీల్యాండ్‌లో కనీసం 5,000 ఖర్చుపెడితే 20 శాతం, 24 నెలల్లో 50,000 మించకుండా. అలాంటి చోట ఒక చిక్కు: పని మొదలెట్టాక దరఖాస్తు పెడితే పోయినట్టే.

ఇల్లు నిలబెట్టుకోవడంలో అసలు శత్రువు ప్రాపర్టీ టాక్స్. పక్క ఇళ్ళు బాగుపడితే మీ ఇంటి విలువా పెరిగిందని పన్ను పెంచుతారు, జీతం మాత్రం పెరగదు. క్లోజింగ్ రోజే హోమ్‌స్టెడ్ ఫారం సంతకం పెట్టించండి, చాలామంది ఇదే మర్చిపోతారు. ఫిలడెల్ఫియాలో పదేళ్ళు పైబడి ఉన్న ఓనర్లకి 2014 నుంచి ప్రత్యేక రక్షణ ఉంది. మీ సిటీని అలాంటిది అడగండి.

ఇంకోటి, రిపేరు నిధి. నీళ్ళ హీటరు 10–12 ఏళ్ళు, ఫర్నేసు 15–20, చదును కప్పు 15–20. కొన్న రోజు ఒక్కోదాని వయసు రాసి, మిగిలిన ఏళ్ళతో ఖర్చు భాగించి, ఆ మొత్తాన్ని నెల వాయిదా పక్కన రాయండి. అది కలిపాక కూడా మోయగలిగితేనే కొనాలి.

నీలిగడప
చాలా స్పష్టత వచ్చింది. ఒక్క అనుమానం. ఆరిళ్ళ వరసలో నాలుగింట్లో ఉన్నవాళ్ళు కొనడానికి సిద్ధం. మధ్యలో ఉన్న ఒకటి ఏళ్ళుగా ఖాళీ, కప్పు కుంగింది. సిటీ కూల్చేస్తానంటోంది. కూల్చితే మిగతావాటికి ఏమన్నా అవుతుందా?

గోడలమేస్త్రీ
అవుతుంది. ఇద్దరి మధ్య ఉమ్మడి గోడ ఎప్పుడూ వాన చూడలేదు. లోపలి వైపు ఇటుక నాసిరకంది వాడేవాళ్ళు. ఒక్కసారి బయటపడితే నీళ్ళు తాగుతుంది. అటువైపు దూలాలు గోడలో దిగి ఉంటే వాటి చివర్లు కోసి, రంధ్రాలు పూడ్చి, గోడంతా సున్నం కలిపిన పూత వేయాలి. ఆ ఖర్చు కూల్చివేత కాంట్రాక్టులో ఉందో లేదో రాతలో అడగండి. కూల్చకుండా ముందు తాత్కాలిక కప్పు వేయించి గట్టర్ కలిపితే పక్క రెండిళ్ళూ బతుకుతాయి. ఆ రెండిళ్ళు కొనేవాళ్ళు ఖాళీ ఇంటి వైపు గోడ చెమ్మ కొలిపించకుండా సంతకం పెట్టొద్దు.

పాతదస్తావేజు
ఆ ఖాళీ ఇంటికి పన్ను బాకీ ఎంతుందో ట్రెజరర్ ఆఫీసులో రేపే చూడండి. బాకీ ఉంటే టాక్స్ సేల్ (పన్ను బాకీ వేలం) జాబితాలోకి ఎక్కుతుంది, అక్కడ కొనేది మళ్ళీ ఆ కంపెనీలే. వేలం తేదీకి ముందే మీ కౌంటీలో లాండ్ బ్యాంక్ (ఖాళీ ఇళ్ళు, పన్ను బాకీ ఇళ్ళు తీసుకునే ప్రభుత్వ సంస్థ) ఉంటే వాళ్ళకి లెటర్ పెట్టండి, చాలాచోట్ల వేలానికి వెళ్ళకుండా తీసుకునే అధికారం వాళ్ళకి ఉంటుంది. లెటరుతో పాటు పక్క నాలుగిళ్ళ ఆప్షన్ కాపీలు జత చేయండి. వరసంతా ఒక పథకంలో ఉందని తెలిస్తే కూల్చివేత ఆపమని వాళ్ళే సిటీతో మాట్లాడతారు.

నీలిగడప
ఆప్షన్లు రెండింటికే రాయించాం. మిగతా రెండూ ఈ వారం పూర్తిచేసి, నాలుగూ కలిపి పంపుతాం.